గుట్ట దిగే సైకిలు

పోయిన ఆదివారం పొద్దున మావాడు నా చేతిలో ఒక కాగితం పెట్టి, "బాపూ, జర చూడు" అని తలుపు పక్కకు పోయి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్న చెయ్యి కదా, కాగితం కనబడగానే ఎర్ర కలం కోసం జేబు తడుముకుంది. అది వ్యాసం కాదు, పద్దు. షాకప్‌తో వచ్చే ముందు ఫోర్కు 38,000, నూనెతో పనిచేసే డిస్కు బ్రేకులు 9,000, టైర్లు 5,000, గేర్ల సరంజామా 11,000, వెడల్పు హాండిలు 3,500. కూడిక తప్పులేదు. మొత్తం 66,500. ఇవన్నీ బిగించవలసిన సైకిలును మూడేళ్ళ కిందట 21,000 పెట్టి కొన్నాం.

మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి విన్నది. "దానికి ఇంకో పదో ఇరవయ్యో వేస్తే పాత స్కూటరు రాదటండీ?" అని మాత్రం అని లోపలికి పోయింది. ఆమె అడిగినదానిలో న్యాయం ఉంది. కానీ స్కూటరు మీద ఆ గుట్ట దిగడానికి ఎవడైనా పూనుకుంటే అతన్ని ముందు వైద్యుడికి చూపించాలి.

ఆ గుట్ట సంగతి చెప్పాలి. మా నారాయణరావుపేట సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రం. పొరుగు మండలం చిన్నకోడూరులోని చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌లోకి 2020లో నీళ్ళు వచ్చినప్పుడు ఆ నీళ్ళు చూడటానికని ఈ పక్క ఊళ్ళ పిల్లలు సైకిళ్ళెక్కారు. నీళ్ళు చూడటం కొన్నాళ్ళకు పాతబడింది గాని సైకిలు సరదా పాతబడలేదు. మా ఇంటికి కాస్త దూరంలో ఒక గుట్ట ఉంది. తెలంగాణమంతటా కనిపించేలాంటి నల్లరాతి గుట్టే. మేకలు ఎక్కిన దారి, వాన కోసిన గండ్లు, జారే మొరం, మధ్య మధ్య ఏనుగు వీపుల్లాంటి బండలు. మావాడూ వాడి స్నేహితులు ముగ్గురూ సైకిలు నెట్టుకుంటూ పైకెక్కుతారు, తొక్కకుండా కిందికి దిగుతారు. ఎక్కడానికి పావుగంట, దిగడానికి నిమిషంన్నర. ఆ నిమిషంన్నర కోసమే ఈ 66,500.

వద్దని ఒక్క మాటతో తీసిపారెయ్యవచ్చు. చాలామంది తండ్రులు చేసేది అదే, ఒకప్పుడైతే నేనూ అదే చేసేవాణ్ణి. కానీ నాకు ఒక పాత బాకీ ఉంది.

1993లో నాకు పదమూడేళ్ళు. మా నాయిన సైకిలు నల్లది, ఇనుప కడ్డీల బ్రేకులది. దసరాకు పెద్దలిచ్చిన పైసలు కూడబెట్టి దానికి డైనమో దీపం పెట్టించాను. చీకటి పడ్డాక ఊళ్ళో తిరుగుతుంటే వీధి అరుగుల మీది వాళ్ళు తలలెత్తి చూసేవారు. బ్రేకు రబ్బర్లు మాత్రం ఇనుము కనబడేదాకా అరిగి ఉన్నాయి. జత రెండు మూడు రూపాయల సరుకు. దీపం వెలుగుతుంటే రబ్బర్లు ఎవరికి గుర్తుంటాయి? ఒక సాయంత్రం మా చెల్లెలిని కారియరు మీద కూర్చోబెట్టుకొని చెరువు కట్ట మీది నుంచి దిగాను. బ్రేకు పట్టాను. పట్టుకోలేదు. తూము దగ్గర రాళ్ళ మీద పడ్డాం. నాకు గడ్డం కింద నాలుగు కుట్లు. దానికి ఎడమ చెయ్యి మణికట్టు విరిగింది. కట్టు సరిగ్గా పడలేదో ఏమో, ఎముక కొంచెం వంకరగా అతుక్కుంది. ఇప్పుడు అది బడిలో పంతులమ్మ. ఏటేటా రాఖీ కట్టడానికి వస్తుంది. ముడి వేస్తున్నప్పుడు ఆ చెయ్యి ఒక రవ్వ పక్కకు తిరుగుతుంది. నేను వేరే ఎటో చూస్తాను.

అంచేత సైకిలుకు ఏది అవసరం, ఏది అలంకారం అన్న ప్రశ్న వస్తే నేను తేలికగా తీసుకోలేను. ఉన్నదే చాలనడానికీ నోరు రాదు, కొత్తది కొంటే అన్నీ బాగుపడతాయనడానికీ నోరు రాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "నాకు వారం గడువియ్యి, చదువుకొని చెప్తా" అన్నాను. మావాడు నవ్వాడు. తెలుగు ఎం.ఏ. చదివినవాడు షాకప్‌ల గురించి చదవడమేమిటని కాబోలు. ఛందస్సు నేర్చినవాడికి కొలతలంటే భయమా!

చదివితే తెలిసిన సంగతులు తమాషాగా ఉన్నాయి. ఈ గుట్టలు దిగే సైకిళ్ళ పుట్టుకే పాత సరుకుకు కొత్త భాగాలు తగిలించడంలో ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరుంది. అక్కడి కుర్రాళ్ళు 1930, 40 ఏళ్ళ నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు చౌకగా సంపాదించి కొండ దారుల్లో దింపేవారు. చార్లీ కెల్లీ అనే ఆయన పూనికతో 1976 అక్టోబరు 21న మొదటి పందెం జరిగింది. దారి రెండు మైళ్ళ పైచిలుకు, దిగుడు దాదాపు 400 మీటర్లు. ఆ సైకిళ్ళకు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు, వెనక చక్రం హబ్బులోనే ఉండేది. కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీసు పొగై పోయేది. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీసు కూరాలి. ఇలా మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో రీపాక్ అంటారు. దారికి ఆ పేరే నిలిచిపోయింది.

ఆ కుర్రాళ్ళు తమ సైకిళ్ళకు ఏమేం మార్చారో చూస్తే వాళ్ళ బుద్ధి తెలుస్తుంది. మొదటి చూపు అందం మీదికి పోలేదు. డ్రమ్ము బ్రేకులు పెట్టారు. వేళ్ళకు బలంగా అందాలని మోటారు సైకిలు బ్రేకు పిడులు తెచ్చి బిగించారు. దిగినవాడు మళ్ళీ ఎక్కాలి కదా, అందుకని గేర్లు తగిలించారు. పాత ఫ్రేములు విరుగుతూ ఉంటే 1977లో జో బ్రీజ్ అనే ఆయన అతుకులు మానేసి ఈ పనికోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. షాకప్ వచ్చింది ఆ తరవాత ఎన్నాళ్ళకో. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో ఈ క్రీడకు మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగినప్పుడు, దిగుడు పందెం గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిలుకు షాకప్ ఉంది. అది కుంగేది రెండంగుళాలు కూడా కాదు. ఇప్పటి పందెపు సైకిళ్ళకు ముందూ వెనకా కూడా ఎనిమిదంగుళాల దాకా కుంగే షాకప్‌లుంటాయి.

ఇంకొక సంగతి చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. 2015లో ఆస్ట్రియా దేశం లియోగాంగ్‌లో ప్రపంచ కప్పు దిగుడు పందెం. ఆరన్ గ్విన్ అనే అమెరికా వాడు బయలుదేరిన క్షణంలోనే చైను తెగిపోయింది. తొక్కడానికి వీలులేదు. అయినా అలాగే దిగాడు, అలాగే గెలిచాడు. మావాడి పద్దులో గేర్ల సరంజామాకు 11,000 అని రాసి ఉంది కదా! ఎర్ర కలం తీసి దాని ఎదుట సున్నా వేశాను. మా గుట్టకు ఎక్కేటప్పుడు నెట్టుకుపోతారు, దిగేటప్పుడు తొక్కరు. గేర్లకు అక్కడ పనేమిటి?

ఇక బ్రేకులు. మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. ఆయన చాక్‌పీసు అందుకుంటే ఆగడు. మనిషీ సైకిలూ కలిసి 88 కిలోలు, దిగుడు 40 మీటర్లు అనుకుంటే, వేగం పెరగనీయకుండా బ్రేకుల మీదే దిగినవాడి బ్రేకుల్లో పుట్టే వేడితో ఒక గ్లాసెడు నీళ్ళు టీ తాగేటంత వేడెక్కుతాయట. ఆ వేడంతా అరచెయ్యంత ఇనుప పళ్ళేలు రెండూ, వాటిని పట్టే నాలుగు బిళ్ళలూ భరించాలి. పళ్ళెం పెద్దదైతే వేడి త్వరగా చల్లారుతుంది, పట్టూ పెరుగుతుంది. 160 మిల్లీమీటర్ల డిస్కు తీసి 203 పెడితే, అదే వేలి నొక్కుకు నాలుగో వంతుకు పైగా బలం ఎక్కువ. అయితే ఫ్రేమూ ఫోర్కూ ఎంత డిస్కుకు తట్టుకుంటాయో చేసినవాళ్ళు హద్దు పెట్టి ఉంటారు. దాన్ని దాటరాదు.

ఇంత తెలిశాక మావాణ్ణి వెంటబెట్టుకొని గుట్టకు పోయాను. వాడు పైనుంచి దిగాడు. నేను కింద నిలబడి చూశాను. చూశానని గొప్పకు అంటున్నాను గాని, సగం సేపు కళ్ళు మూసుకున్నాను. చివరి మలుపు దగ్గర వాడు బ్రేకు పట్టినా సైకిలు ఆగలేదు. తుమ్మ కంపలోకి దూసుకుపోయి నిలిచింది. మోచెయ్యి గీరుకుపోయింది. "చూసినవా బాపూ, బ్రేకులు బలం లేవు. నేను చెప్తే నమ్మలే" అన్నాడు. ఆ క్షణంలో 66,500 కాదు, లక్ష అడిగినా ఇచ్చేవాణ్ణి. తూము దగ్గర రాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

దుకాణదారుడి ముందు నిలబడవలసినది అలాంటి క్షణంలో కాదు. అదృష్టవశాత్తు మేము పోయింది మా సైకిలు మేస్త్రీ దగ్గరికి. ఆయనకు ఫోర్కులు అమ్మే దుకాణం లేదు, చెట్టు కింద పంపూ పానాల డబ్బా ఉన్నాయి. చక్రం విప్పాడు. బిళ్ళలు బయటికి తీసి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. నా వైపు చూశాడు.

"సారూ, గిది బిరేకు గాదు, పోపు గిన్నె. ఎవరో నూనె దాగించిన్రు."

ఇంటికొచ్చి విచారణ జరిపితే ముద్దాయి మా అమ్మ అని తేలింది. "కీసు కీసుమని ఒర్రుతుంటే పాపమనిపించింది బిడ్డా. ఇనుమే గద, జర కొబ్బరినూనె రాసిన. రెండు నెలలాయె" అన్నది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. తలుపు మడత బందులకూ, కుట్టుమిషనుకూ, మనవళ్ళ తలలకూ రాసిన చేత్తోనే డిస్కుకూ రాసింది. కీచుమనే దానికల్లా నూనె కావాలన్నది ఆమె సిద్ధాంతం. ఆమెను ఏమనగలం? లోకంలో నూనె రాయకూడని ఇనుము ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మాటకొస్తే నాకూ ఎవరూ చెప్పలేదు. ఆ బిళ్ళలు నూనె పీలిస్తే ఇక అంతే, తుడిస్తే పోదు. మార్చవలసిందే. రెండు చక్రాలకు రెండు జతలు, 700 రూపాయలు. డిస్కులను మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాం. కొత్త బిళ్ళలు వేసిన వెంటనే గుట్ట ఎక్కకూడదు. చదును రోడ్డు మీద వేగంగా తొక్కి, దాదాపు ఆగేదాకా మెల్లగా పట్టి, మళ్ళీ తొక్కి, ఇలా ఇరవై సార్లు చేస్తే బిళ్ళ డిస్కుకు అమరుతుంది. ఆ ఇరవై సార్లూ నేను రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టాను.

బలం లేదన్న బ్రేకుకు బలం వచ్చింది. మావాడు ముందు బ్రేకు అసలు ముట్టడని కూడా అప్పుడే బయటపడింది. ఆ తప్పు నాదే. "ముందు బ్రేకు పట్టకురా, పల్టీ కొడతావు" అని చిన్నప్పుడు నేర్పింది నేను, నాకు నేర్పింది మా నాయిన. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే సత్తా ఎక్కువగా దానికే ఉంటుందట. ఒళ్ళు వెనక్కి వాల్చి, మెల్లగా ఒక వేలితో పట్టాలి. రెండు తరాలుగా మా ఇంట్లో సైకిలుకు సగం బ్రేకే పనిచేసిందన్నమాట.

ఇక మిగిలింది పద్దులో పెద్ద పెద్దమనిషి, ఫోర్కు. 38,000. అడిగితే మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఎయ్యచ్చు సారూ. కని మన ఫ్రేము గొట్టం అంతా ఒక్క తీరు లావు. గీ కొత్త ఫోర్కు కాడ కింద లావు, పైన సన్నం. దూరది. ఇరుసు గూడ లావు, మన చక్రం పట్టది."

ఫోర్కు కొంటే చక్రం కొనాలి. చక్రం కొంటే డిస్కు మారాలి. కాడ దూరాలంటే ఫ్రేమే మారాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకని ఆవును తెచ్చి, ఆవును కాయడానికని పెళ్ళి చేసుకున్న సన్యాసి కథ మనకందరికీ తెలిసిందే. ఆ సన్యాసి ఈ కాలంలో పుట్టి ఉంటే సైకిలు భాగాల దుకాణం వీధిలో కనబడేవాడు. పోనీ ఎలాగో దూర్చి బిగించామనుకోండి. ఇప్పుడున్న ఫోర్కు నాలుగంగుళాలు కుంగేది. అంతకంటె పొడుగు ఫోర్కు పెడితే సైకిలు ముందు భాగం పైకి లేస్తుంది, హాండిలు గొట్టం వాలు మారుతుంది. ఇరవై మిల్లీమీటర్ల పొడుగుకు సుమారు ఒక డిగ్రీ వాలు. ముందు చక్రం తగిలిన ప్రతి రాయీ పొడుగు గడపారలా ఆ గొట్టం అతుకును పెకలించాలని చూస్తుంది. 21,000 సైకిలు ఫ్రేమును ఆ పనికి చెయ్యలేదు. చేసినవాళ్ళ తప్పు కాదది. పెళ్ళి పల్లకీ మీద రాళ్ళు మోయిస్తే పల్లకీ తప్పా?

మావాడి ముఖం చిన్నబోయింది. నాకూ బాగా అనిపించలేదు. ఈ కుర్రవాడు ఒక ఏడాదిగా ఫోనులో ఆ ఫోర్కు బొమ్మ చూసుకుంటూ నిద్రపోతున్నాడు. వాడి వయసులో నేను ఒక నిఘంటువు కోసం అలాగే కలవరించాను, మా నాయిన కొనలేదు. అందుకని మేమిద్దరం అరుగు మీద కూర్చొని పద్దు మళ్ళీ రాశాం. ఈసారి పెన్ను వాడి చేతికిచ్చాను.

టైర్లు ఉంచాం. అవి న్యాయమైన కోరిక. భూమిని తాకేది సైకిలు మొత్తంలో ఆ రెండు బొటనవేళ్ళంత చోటే కదా. వెడల్పాటి ముళ్ళ టైర్లు, మెత్తటి రబ్బరువి, ఫ్రేములో పట్టేటంత వెడల్పు కొలిచి చూసుకొని, 5,000. అవి వచ్చేలోగా పాత టైర్లలోనే గాలి కొంత తగ్గించి చూశాం. రాళ్ళ మీద గంతులు తగ్గాయి, మొరంలో పట్టు పెరిగింది. దీనికి పైసా ఖర్చులేదు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిముకూ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి; పాము కాటంటారట సైకిలు వాళ్ళు. మూడోసారి పాము కాటు తిన్నాక సరైన లెక్క దొరికింది. సీటు నాలుగు వేళ్ళు దించాం, దానికీ ఖర్చులేదు. ముందు డిస్కు ఒక మెట్టు పెద్దది, ఫోర్కు హద్దులోనే, 180 మిల్లీమీటర్లది. దాని బిగింపుతో కలిపి 1,600. నూనె బ్రేకుల మాట వచ్చే ఏటికి వాయిదా. తీగ బ్రేకుకు బిళ్ళలు అరిగినకొద్దీ చేత్తో బిగించుకోవాలి, నూనె బ్రేకు తనంతట తానే సర్దుకుంటుంది. అది నిజమైన సుఖమే, కాదనను. కానీ వారం వారం బిగించే ఓపిక ఉన్నవాడికి ప్రస్తుతానికి తీగ చాలు. హాండిలు వాడే కొట్టేశాడు.

అప్పుడు నేను ఒక పంక్తి కలిపాను. గడ్డం దాకా మూసే హెల్మెటు, 7,000. మోకాళ్ళకూ మోచేతులకూ కవచాలు, 3,000. మావాడు మొదటి పద్దులో ఇవి రాయనే లేదు. ఆ వయసులో ఎవరూ రాయరు.

కొత్త పద్దు 17,300 అయింది, బిళ్ళలతో కలిపి. మిగిలిన 49,200 ఇచ్చేస్తావా అని వాడు అడగలేదు గాని వాడి చూపులో ఆ ప్రశ్న ఉంది. ఉన్న డబ్బేమీ కాదు అది, కానీ మాట ఇచ్చాను. ఏడాది పొడుగునా ఈ సైకిలు మీదే ఆ గుట్ట దిగి, ఎక్కడ సైకిలు తక్కువైందో ఎక్కడ తాను తక్కువయ్యాడో ఒక నోటుబుక్కులో రాసిపెట్టమన్నాను. సైకిలు తక్కువైన చోట్లే ఎక్కువని తేలితే, ఫోర్కు కొనం. ఆ పనికోసమే చేసిన సైకిలు, పాతదైనా సరే, వెతుకుదాం, సగం నేను, సగం వాడి మొదటి జీతం. పాత బండికి కొత్త ఫోర్కు బిగించడం కన్నా అదే చౌక అని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. నోటుబుక్కు ఇప్పటికి ఆరు పేజీలైంది. "మూడో మలుపు: భయపడి రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టిన. తప్పు నాది" అని ఒకచోట ఉంది. ఈ మాటకు మాత్రం ఎర్ర కలంతో పక్కన టిక్కు పెట్టాను. మలుపు స్పెల్లింగు కూడా సరిగ్గానే ఉంది.

మా అమ్మకు డిస్కుల వైపు పోవద్దని చెప్పాం. చైనుకు నూనె వెయ్యవచ్చునని అధికారం ఇచ్చాం, రెండు చుక్కలకు మించకుండా. శనివారం సాయంత్రం కొబ్బరినూనె సీసా పట్టుకొని వస్తుంటే, మావాడు చైను నూనె డబ్బా చేతికిచ్చి మార్చుకుంటాడు. ఆమె దాన్ని వాసన చూసి, "గిదేం నూనెరా" అని ముఖం చిట్లిస్తుంది.

నిన్న రాత్రి చెల్లెలు ఫోను చేసింది. ఇదంతా మా ఆవిడ ద్వారా దానికి ముందే చేరింది. నేను బిళ్ళల సంగతీ, డిస్కు సంగతీ, హెల్మెటు సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని, "అన్నా, డైనమో పెట్టించినవా మరి?" అన్నది.